సొంతంగా శ్రుతి చేసుకునే గిటార్లు: విడిభాగాలు ఎందుకు దొరకడం లేదు, ఉన్నవాళ్లు ఏం చూసుకోవాలి

క్లుప్తంగా

ఒక బటన్ నొక్కి తీగలను ఒకసారి మీటితే చాలు, చిన్న చిన్న మోటార్లు తిరిగి గిటార్‌ను శ్రుతిలోకి తెస్తాయి. ఇలాంటి ఎలక్ట్రిక్ గిటార్లను గిబ్సన్ కంపెనీ 2007 నుంచి సుమారు పదేళ్లపాటు అమ్మింది. ఇప్పుడవి కొత్తగా రావడం లేదు. పాతవి మాత్రం వేల మంది చేతుల్లో ఉన్నాయి, సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌లో తక్కువ ధరకు కనిపిస్తూనే ఉన్నాయి. బ్యాటరీ చార్జ్ నిలవకపోయినా, ఒక మోటారు మొరాయించినా భాగం ఎక్కడ దొరుకుతుందన్నదే అసలు ప్రశ్న. దానికి అన్ని మోడళ్లకూ కలిపి ఒకే జవాబు లేదు. ఆ యంత్రం గిటార్‌లో ఎంత లోపలికి చొచ్చుకుపోయిందన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. గిటార్ మెడ చివరి తలభాగానికి (హెడ్‌స్టాక్‌కు) మాత్రమే తగిలించిన యంత్రమైతే తీసేసి, తీగ బిగించే మామూలు కీలు పెట్టుకోవచ్చు. బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జి నుంచి ధ్వనిని సర్దే నాబ్‌ల దాకా అల్లుకుపోయినదైతే దానితోనే కాపురం చేయాలి, లేదంటే పెద్ద ఖర్చుకు సిద్ధపడాలి.

తీగ బిగించడంలో ఉన్న చిక్కు

గిటార్ తీగ స్వరం మూడు విషయాల మీద ఆధారపడుతుంది: తీగ పొడవు, మందం, బిగువు. పొడవు, మందం ముందే నిర్ణయమై ఉంటాయి కాబట్టి వాయించేవారి చేతిలో ఉండేది బిగువొక్కటే. ఆ బిగువుకు, స్వరానికి ఉన్న లెక్క సూటిగా ఉండదు. స్వరం ఒక్క అర మెట్టు (పక్క స్వరస్థానం దాకా) పెరగాలంటే బిగువు సుమారు 12 శాతం పెరగాలి. మామూలు పది నంబరు సెట్ (అన్నిటికన్నా సన్న తీగ మందం అంగుళంలో వందో వంతు) వేసిన గిటార్‌లో ఆరు తీగలూ కలిసి మెడను లాగే బలం దాదాపు 45 కిలోలు. అంటే ఒక్కో తీగ మీద ఏడెనిమిది కిలోల లాగుడు ఉంటుంది.

ఉదాహరణకు వాయించేవాళ్లంతా 'డ్రాప్ డి' అని పిలిచే ట్యూనింగ్‌నే తీసుకుందాం. అన్నిటికన్నా లావు తీగను 82 హెర్ట్జ్ నుంచి 73 హెర్ట్జ్‌కు దించాలి. ఆ ఒక్క తీగ మీదే కిలోన్నర దాకా బిగువు తగ్గుతుంది. చెక్క మెడ ఆ తేడాను వెంటనే పసిగడుతుంది. రవ్వంత వెనక్కి వాలుతుంది, దాంతో మిగతా అయిదు తీగలూ కాస్త బిగుసుకుంటాయి. ఒక తీగ సరిచేస్తే పక్క తీగ చెడుతుంది, దాన్ని సరిచేస్తే మొదటిది మళ్లీ కదులుతుంది. వాయించే మనిషి ఈ పనిని చెవితో, అలవాటుతో చేస్తాడు. యంత్రమైతే ఆరు తీగలనూ మళ్లీ మళ్లీ కొలుస్తూ, ఒక్కో చుట్టు తగ్గించుకుంటూ స్థిరపడాలి.

ఈ పనికి మూడు అవయవాలు కావాలి. కంపనాన్ని పట్టే సెన్సార్, లెక్క కట్టే చిన్న కంప్యూటర్, ఏడెనిమిది కిలోల బిగువుకు ఎదురు తిరగగలిగిన మోటారు. మోటారు ఎంత చిన్నదైతే దానికి అంత ఎక్కువ పళ్లచక్రాల సాయం కావాలి. మామూలు ట్యూనింగ్ కీలో తీగ చుట్టుకునే కడ్డీ ఒక చుట్టు తిరగాలంటే పిడిని 14 నుంచి 18 సార్లు తిప్పాలి. మోటారు కీలో ఈ నిష్పత్తి ఇంకా ఎక్కువ ఉండాల్సిందే. వేలెడంత డబ్బాలో అన్ని పళ్లచక్రాలు ఇమడాలంటే అవి సన్నగా ఉండాలి. సన్నటి పళ్లు త్వరగా అరుగుతాయి. విడిభాగాల కథకు బీజం ఇక్కడే పడింది.

జర్మనీలో పుట్టి అమెరికా గిటార్లలోకి

మోటార్లతో గిటార్‌ను శ్రుతి చేయడం గిబ్సన్‌కు తట్టిన ఆలోచనేమీ కాదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ట్రాన్స్‌పెర్ఫార్మెన్స్ అనే చిన్న సంస్థ అంతకు చాలా ముందే ఇలాంటి వ్యవస్థను తయారుచేసింది. లెడ్ జెపెలిన్ బృందం గిటారిస్ట్ జిమ్మీ పేజ్ తన లెస్ పాల్ గిటార్‌లో దాన్ని పెట్టించుకున్నాడు. కానీ దానికోసం గిటార్ బాడీని లోతుగా తొలచాలి, ఖర్చూ బోలెడు. అందుకే అది కొద్దిమంది పెద్ద వాద్యకారుల దగ్గరే ఆగిపోయింది.

దాన్ని సాధారణ దుకాణాల్లోకి తెచ్చింది జర్మనీలోని హాంబర్గ్‌కు చెందిన ట్రోనికల్ సంస్థ. వాళ్ల 'పవర్‌ట్యూన్' వ్యవస్థను పెట్టి గిబ్సన్ 2007 డిసెంబరులో రోబో గిటార్‌ను విడుదల చేసింది. ఇందులో నాలుగు నాబ్‌లలో ఒకటి మామూలు నాబ్ కాదు. పైకి లాగితే దాని మీద దీపాలు వెలుగుతాయి, కావలసిన ట్యూనింగ్‌ను అక్కడే ఎంచుకోవాలి. బ్రిడ్జిలో ప్రతి తీగ కిందా కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే ఒక పీజో సెన్సార్ ఉంటుంది. హెడ్‌స్టాక్ వెనక ఇంకో చిన్న కంప్యూటర్, దానికి ఆరు మోటారు కీలు. బాడీలోని సర్క్యూట్‌కు, హెడ్‌స్టాక్‌కు మధ్య సంకేతాలు మెడలోంచి వైరు లాగి పంపలేదు. బాడీ మీద తీగల కొసలను పట్టి ఉంచే టెయిల్‌పీస్ నుంచి తీగల మీదుగానే పంపారు. ఇంజినీరింగ్‌గా చూస్తే ఎంతో తెలివైన పని. కానీ బ్రిడ్జి, టెయిల్‌పీస్, తీగలు, కీలు, నాబ్, బ్యాటరీ అన్నీ ఒకే గొలుసులో లింకులైపోయాయి. ఒక్క లింకు తెగినా గొలుసంతా ఆగిపోతుంది.

దాని తర్వాత గిబ్సన్ నుంచి డార్క్ ఫైర్, డస్క్ టైగర్, ఫైర్‌బర్డ్ ఎక్స్ అనే మోడళ్లు వచ్చాయి. వీటిలో శ్రుతితో పాటు స్వర స్వభావాన్నీ సర్క్యూటే మార్చేస్తుంది. డార్క్ ఫైర్‌తో కంప్యూటర్‌కు కలిపే ఒక ప్రత్యేక డబ్బా కూడా ఇచ్చారు. అది యూఎస్‌బీ లాంటి ఫైర్‌వైర్ పోర్టుతో పనిచేసేది. 2012 తర్వాత కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ పోర్టు ఒక్కొక్కటిగా కనుమరుగైంది. గిటార్ బాగానే ఉండొచ్చు, దాన్ని కలపాల్సిన కంప్యూటరే మారిపోయింది. చెక్కతో చేసిన వాద్యం యాభై ఏళ్లు నిలుస్తుంది, కంప్యూటర్ పోర్టు పదేళ్లు నిలిస్తే గొప్ప. ఈ రెండింటినీ ఒకే వస్తువులో కలిపినప్పుడు ఆ వస్తువు ఆయుష్షును పోర్టే నిర్ణయిస్తుంది.

రెండో తరం తేలికైంది, కానీ...

ట్రోనికల్ ఆ తర్వాత దారి మార్చింది. యంత్రం మొత్తాన్నీ హెడ్‌స్టాక్ వెనక ఒక పలుచని పలక మీదికి తెచ్చేసింది. బాడీని ముట్టుకోలేదు, బ్రిడ్జిని మార్చలేదు, మెడలో కొత్త రంధ్రం చేయలేదు. గిబ్సన్ దీన్ని 2013లో 'మిన్-ఈట్యూన్' పేరుతో, తర్వాత 'జీ-ఫోర్స్' పేరుతో వాడింది. ట్రోనికల్ కూడా ఇతర కంపెనీల గిటార్లకు సరిపోయే సెట్లను విడిగా అమ్మింది.

దగ్గరి నుంచి చూస్తే పని ఇలా సాగుతుంది. హెడ్‌స్టాక్ వెనక ఉన్న బటన్ నొక్కితే దీపాలు వెలుగుతాయి. ఆరు తీగలనూ ఒకసారి బొటనవేలితో కిందికి మీటాలి. వెంటనే సన్నగా 'జుర్ర్'మని చప్పుడు వస్తుంది, రెండు మూడు కీలు ఒకేసారి తిరుగుతాయి, తీగలు మూలుగుతూ పైకీ కిందికీ జారుతాయి. మళ్లీ మీటాలి. శ్రుతి కుదిరిన తీగ దీపం ఆకుపచ్చగా మారుతుంది. అన్నీ ఆకుపచ్చగా మారాక యంత్రం తనంతట తానే ఆగిపోతుంది. మొదటిసారి చూసినవారికి ఇది నిజంగా ముచ్చటగానే ఉంటుంది. వేదిక మీద పాటకో ట్యూనింగ్ మార్చేవారికైతే నాలుగు గిటార్లు మోసుకెళ్లే బాధ తప్పుతుంది. ఈ సౌకర్యాన్ని తక్కువ చేసి చూడకూడదు. ఉపయోగం లేని వస్తువైతే దాని విడిభాగాల కోసం ఇన్నేళ్ల తర్వాత ఎవరూ వెతకరు.

ఇక్కడ తీగ కంపనాన్ని పట్టేది బ్రిడ్జి దగ్గరున్న సెన్సార్ కాదు, హెడ్‌స్టాక్‌లోనిదే. దానివల్ల బాడీకి, యంత్రానికి ఉన్న బంధం తెగిపోయింది. బ్యాటరీ తీసేసినా గిటార్ మామూలు గిటార్‌లాగే మోగుతుంది. వాడేవారి కోణంలో ఇదే అన్నిటికన్నా పెద్ద మార్పు.

2015లో ఎక్కడ బెడిసికొట్టింది

అప్పటిదాకా మోటారు గిటార్ కావాలనుకున్నవారే కొనుక్కునేవారు. 2015 మోడళ్లతో గిబ్సన్ ఆ ఎంపికను తీసేసింది. అమెరికాలో తయారయ్యే ఎలక్ట్రిక్ గిటార్లలో దాదాపు అన్నింటికీ జీ-ఫోర్స్‌ను తప్పనిసరిగా బిగించింది. దాంతో పాటు మెడ వెడల్పు పెంచింది, హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే గాళ్ల పట్టీ (నట్) స్థానంలో, తీగలు లోహపు మెట్టు మీద ఆనేలా సర్దుబాటు చేసుకునే ఇత్తడి జీరో-ఫ్రెట్ నట్ పెట్టింది, ధరలూ పెంచింది. ఒక్కొక్కటిగా వస్తే జనం సర్దుకునేవారేమో. అన్నీ ఒకేసారి మీద పడేసరికి పాత గిబ్సన్ అంటే ప్రాణం పెట్టేవాళ్లు ఎదురు తిరిగారు. దుకాణాల్లో 2015 గిటార్లు అమ్ముడుపోక భారీ తగ్గింపు ధరలకు వెళ్లాయి. 2016లో కంపెనీ వెనక్కి తగ్గి గిటార్లను రెండు వరుసలుగా విడగొట్టింది. 'ట్రెడిషనల్' వరుసలో మోటార్లు లేవు, 'హై పెర్ఫార్మెన్స్' వరుసలో ఉన్నాయి.

ఈ మలుపు విడిభాగాల మీద పడిన తీరును జాగ్రత్తగా చూడాలి. ఏ భాగమైనా ఎక్కువ కాలం దొరకాలంటే రెండు షరతులు ఉండాలి. ఒకటి, దాన్ని తయారుచేసేవాళ్లు ఒకరికి మించి ఉండాలి. రెండు, కొనేవాళ్లు ఏటా కొత్తగా పుట్టుకొస్తూ ఉండాలి. జీ-ఫోర్స్‌కు తయారీదారు ఒక్కరే. 2016 తర్వాత కొనేవాళ్లూ తగ్గారు. మామూలు ట్యూనింగ్ కీ విషయంలో ఈ రెండూ తలకిందులుగా ఉంటాయి. ప్రపంచంలో పదుల కంపెనీలు ఒకే కొలతలతో కీలు చేస్తాయి, రోజూ వేల మంది కొంటారు. అరవై ఏళ్ల కిందటి గిటార్‌కు కూడా కొత్త కీ దొరకడానికి కారణం అదే.

దీనికి గిబ్సన్ ఆర్థిక పరిస్థితి తోడైంది. 2014లో ఫిలిప్స్ కంపెనీ ఆడియో ఉపకరణాల విభాగాన్ని 13.5 కోట్ల డాలర్లకు కొన్న గిబ్సన్ అప్పుల్లో కూరుకుపోయింది. 2018 మే 1న దివాలా రక్షణ కోరుతూ అమెరికా కోర్టుకు వెళ్లింది. ఇటు ట్రోనికల్‌తో వ్యాపార వివాదం కూడా కోర్టు మెట్లెక్కింది. అదే ఏడాది నవంబరులో దివాలా నుంచి బయటపడ్డ కంపెనీకి కొత్త యజమానులు, కొత్త సీఈవో వచ్చారు. 2019 వరుసలో మోటార్లకు చోటు లేదు. పాత సంప్రదాయ మోడళ్లే మళ్లీ ముందుకొచ్చాయి. అలా తయారీదారుకు, అమ్మకందారుకు మధ్య ఉన్న బంధం తెగిపోయింది. నడుమ చిక్కుకుపోయింది గిటార్ కొన్నవాళ్లే.

2019 మేలో వైరల్ అయిన ఒక వీడియోలో వందల కొద్దీ ఫైర్‌బర్డ్ ఎక్స్ గిటార్లను భారీ యంత్రంతో తొక్కించడం కనిపించింది. అవి 2009-2011 మధ్య తయారైనవని, సురక్షితం కాని భాగాలున్నందున బాగుచేయడానికి వీల్లేనివని కంపెనీ వివరణ ఇచ్చింది. చెక్క సంగతి ఎలా ఉన్నా లోపలి ఎలక్ట్రానిక్స్ వల్ల గిటార్ మొత్తాన్ని వదులుకోవాల్సి రావడం ఈ తరహా వాద్యాలకే పరిమితమైన సమస్య. ఆ దృశ్యం చూసి గిటారిస్టులు బాధపడ్డారంటే వింతేమీ లేదు.

ముందుగా పాడయ్యేవి ఏవి

మొదట పోయేది బ్యాటరీయే. జీ-ఫోర్స్‌లో ఉండేది విడిగా ఊడదీసి చార్జ్ చేసుకునే లిథియం బ్యాటరీ. లిథియం సెల్‌కు వాడినా వాడకపోయినా వయసు మీద పడుతుంది. అటక మీద నాలుగేళ్లు పడేసిన గిటార్‌లో అది పూర్తిగా ఖాళీ అయి, ఇక చార్జ్ పట్టని స్థితికి చేరొచ్చు. వాడకుండా దాచేటప్పుడు బ్యాటరీని గిటార్ నుంచి తీసి, సగం చార్జ్‌తో చల్లని చోట పెట్టడం మేలు. ఉబ్బిన బ్యాటరీని మాత్రం మళ్లీ చార్జర్‌లో పెట్టకూడదు.

బ్యాటరీకి తోడు చార్జర్ కూడా ఆ మోడల్‌కే ప్రత్యేకం. సెకండ్‌హ్యాండ్ గిటార్ కొన్నవారిలో చాలామందికి ఎదురయ్యే చిక్కు ఇదే: గిటార్ వస్తుంది, కవర్ వస్తుంది, చార్జర్ రాదు.

తర్వాతిది మోటారు కీ. ఆరింటిలో ఒకటి పాడైతే మిగతా అయిదు బాగున్నా ఆ తీగ కోసం యంత్రం తడబడుతూనే ఉంటుంది. మోటారు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూ తీగ స్వరం కదలకపోతే పళ్లు అరిగాయనో, విరిగాయనో అనుమానించాలి. అసలు చప్పుడే లేకపోతే కీకి, పలకకు మధ్య ఉన్న లోహపు కాంటాక్ట్‌లను ముందు చూడాలి. చెమట, దుమ్ము చేరి అవి మసకబారితే కరెంటు సరిగా అందదు. పొడిగుడ్డతోనో, కాంటాక్ట్ క్లీనర్‌తోనో తుడిస్తే పోయే సమస్యకు కొత్త కీ కోసం విదేశాలకు ఆర్డర్ పెట్టినవాళ్లు ఉంటారు.

తీగల వల్ల వచ్చే ఇబ్బందిని కూడా యంత్రానికి అంటగట్టకూడదు. పాతబడి తుప్పు పట్టిన తీగ, నట్ గాడిలో ఇరుక్కుపోయే తీగ ఏ మోటారు మాటా వినవు. మోటారు తిప్పినప్పుడు తీగ నట్ దగ్గర ఆగి, ఒక్కసారిగా 'టిక్'మని జారుతుంది. యంత్రం లక్ష్యాన్ని దాటిపోతుంది, వెనక్కి తిప్పుతుంది, మళ్లీ అదే తంతు. బ్యాటరీ తొందరగా అయిపోతోందన్న ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఈ పెనుగులాటే. 2015 గిటార్ల ఇత్తడి జీరో-ఫ్రెట్ కూడా అరుగుదలకు లోనయ్యేదే. 2016 హై పెర్ఫార్మెన్స్ మోడళ్లలో దాని బదులు టైటానియం వచ్చింది.

తీసేస్తే ఏమవుతుంది

జీ-ఫోర్స్, మిన్-ఈట్యూన్ ఉన్నవారికి ఇది మంచి వార్తే. తీగలు వదులు చేసి తీసేయాలి. ముందువైపు నుంచి ఒక్కో కీ చుట్టూ బిగించిన నట్టును రెంచ్‌తో విప్పాలి. వెనక ఉన్న కీలు, పలక ఊడి వస్తాయి. కింద కనిపించేది మామూలు హెడ్‌స్టాక్, ఆరు మామూలు రంధ్రాలు. వాటికి సరిపోయే లాకింగ్ కీల (తీగను జారకుండా బిగించి పట్టే కీల) సెట్ వేసుకుంటే గంట పనిలో గిటార్ సంప్రదాయ గిటార్ అవుతుంది.

కీలు కొనేముందు రంధ్రం వ్యాసం కొలవాలి. ఆధునిక కీలకు సుమారు 10 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి, పాతకాలపు తరహా కీలకు దాదాపు 8.7 మిల్లీమీటర్లు చాలు. ఈ మిల్లీమీటరు పైచిలుకు తేడా చూసుకోకుండా కొంటే, చెక్కను తొలవడమో, రంధ్రంలో కూర్చే లోహపు గొట్టాలు (బుషింగ్‌లు) వెతకడమో తప్పదు. తీసిన మోటారు సెట్‌ను పారేయకూడదు. పనిచేసే కీ ఒక్కటి ఉన్నా అది ఇంకొకరి గిటార్‌కు ప్రాణం పోస్తుంది. నిజానికి ఇప్పుడు మార్కెట్‌లో దొరుకుతున్న చాలా భాగాలు ఇలా మార్పించుకున్నవారి నుంచి వస్తున్నవే.

2007-2011 నాటి గిటార్ల సంగతి వేరు. అక్కడ కీలు మారిస్తే సరిపోదు. బ్రిడ్జి, టెయిల్‌పీస్, నాబ్‌ల వెనకున్న బోర్డు అన్నీ యంత్రంలో భాగాలే. పూర్తిగా మామూలు గిటార్‌గా మార్చాలంటే కీలు, బ్రిడ్జి, వాల్యూమ్-టోన్ వైరింగ్ కొత్తగా వేయాలి. చేయలేనిది కాదు, తెలిసిన రిపేరర్ దొరికితే అవుతుంది. కానీ ఆ ఖర్చుకు మరో గిటార్ వచ్చే పరిస్థితి ఉంటుంది. ఇంకో సంగతి, మొదటి విడత రోబో గిటార్లను కొందరు సేకరణ వస్తువులుగా చూస్తున్నారు. భాగాలు తీసేసిన గిటార్‌కు ఆ విలువ ఉండదు.

మొదటి తరం భాగాలు రెండో తరానికి పట్టవు. మిన్-ఈట్యూన్, జీ-ఫోర్స్ చూడటానికి అన్నదమ్ముల్లా ఉన్నా, కొనేముందు తన సెట్ ఏదో పేరుతో, ఫొటోతో సరిచూసుకోవాలి. 'రోబో ట్యూనర్' అని మాత్రమే రాసి అమ్మకానికి పెట్టిన భాగాన్ని నమ్మి డబ్బు పంపడం మంచిది కాదు.

ఇక్కడికి తెప్పించుకోవాలంటే

భారత్‌లో ఈ గిటార్లు తక్కువే. ఉన్నవాటిలో అమెరికా, యూరప్‌ల నుంచి మనవాళ్లు వస్తూ వస్తూ తెచ్చుకున్నవీ ఉంటాయి. మోటారు కీ అయితే మామూలు పార్శిల్‌లో వస్తుంది, కస్టమ్స్ సుంకం కట్టుకుంటే సరిపోతుంది. బ్యాటరీ అలా రాదు. విడిగా పంపే లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో కార్గోగా వేయడాన్ని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2016 ఏప్రిల్ నుంచి నిషేధించింది. అందువల్ల చిన్న అమ్మకందారులు బ్యాటరీని ఇతర దేశాలకు పంపడానికి ఒప్పుకోరు. ధర పది డాలర్లయినా, ఇరవై అయినా తేడా ఉండదు.

తెలిసినవాళ్లు ప్రయాణంలో తేవడం ఒక్కటే తేలికైన దారి. అప్పుడు కూడా విడి బ్యాటరీని చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదు. కొసలు ఒకదానికొకటి తగలకుండా టేపు అంటించి, క్యాబిన్ బ్యాగులో పెట్టుకోవాలి. హైదరాబాద్, విజయవాడల్లో మొబైల్ బ్యాటరీలు బాగుచేసేవాళ్ల చేత లోపలి సెల్ మార్పించాలనే ఆలోచన చాలామందికి వస్తుంది. అదే వోల్టేజీ, అదే కొలత, రక్షణ సర్క్యూట్ ఉన్న సెల్ అయితేనే అది సాధ్యం. వోల్టేజీ తెలియకుండా ఉజ్జాయింపుగా వేస్తే పోయేది బ్యాటరీ కాదు, దొరకని ఆ బోర్డు.

మన వీణతో పోల్చి చూస్తే తేడా ఇంకా బాగా అర్థమవుతుంది. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనసచెక్కతో చేసే వీణకు తీగ బిగించే బిరడలు చెక్కవే, మెట్లు మైనంలో కూర్చినవే. బిరడ వదులైతే సుద్దపొడి రాస్తారు, మరీ అరిగితే వడ్రంగి కొత్తది చెక్కి ఇస్తాడు. మైనం కరిగితే మళ్లీ పోస్తారు. అందులో ఏ భాగానికీ 'ఇది ఫలానా కంపెనీదే కావాలి' అన్న షరతు లేదు. సౌకర్యంలో మోటారు గిటార్‌కు, వీణకు పోలికే లేదు, నిజమే. కానీ బాగుచేయగలిగిన చేతులు ఎన్ని ఉన్నాయన్న లెక్కలో వీణదే పైచేయి.

ఇదే పనికి మరికొన్ని దారులు

తీగను మోటారుతో తిప్పకుండానే శ్రుతి సమస్యను తీర్చే ప్రయత్నాలూ జరిగాయి. పీవీ కంపెనీ తెచ్చిన ఏటీ-200 గిటార్‌లో తీగలు కదలవు. గాయకుల గొంతును శ్రుతిలోకి తెచ్చే ఆటో-ట్యూన్‌ను రూపొందించిన ఆంటారెస్ సంస్థ సాఫ్ట్‌వేర్, తీగ నుంచి వచ్చిన స్వరాన్ని ఆంప్లిఫయర్‌కు చేరేలోపే సరిచేస్తుంది. వాయించేవారి చెవికి చెక్క నుంచి ఒక స్వరం, స్పీకర్ నుంచి ఇంకో స్వరం వినిపిస్తాయి. చిన్న గదిలో ఇది ఇబ్బంది పెడుతుంది. కానీ అది మామూలు పెన్సిల్ సెల్‌లతో నడుస్తుంది, అంటే బ్యాటరీ కోసం ఎవరినీ బతిమాలాల్సిన పనిలేదు.

ఎవర్‌ట్యూన్ బ్రిడ్జిది ఇంకో పద్ధతి. కరెంటు లేదు, మోటారు లేదు. ఒక్కో తీగకు స్ప్రింగ్, మీట ఉండి బిగువును ఒకేలా నిలబెడతాయి. ట్యూనింగ్‌ను అది మార్చదు, పెట్టిన శ్రుతి చెదరకుండా కాపాడుతుంది. బాడీని తొలచాలన్నది దాని లోటు.

అన్నిటికన్నా వివేకంగా అనిపించేది రోడీ తరహా పరికరం. లెబనాన్‌కు చెందిన యువ ఇంజినీర్లు మొదలుపెట్టిన బ్యాండ్ ఇండస్ట్రీస్ 2014లో దీన్ని ముందుకు తెచ్చింది. గుప్పెట్లో పట్టే ఆ పరికరాన్ని ఒక్కో కీకి తగిలిస్తే అదే తిప్పి శ్రుతి చేస్తుంది. ఆరు తీగలకూ ఒకేసారి కాదు, ఒక్కొక్కటిగా చేయాలి. వేగంలో జీ-ఫోర్స్ ముందు అది తేలిపోతుంది. అయితే అందులోనూ బ్యాటరీ పోవచ్చు, మోటారు పోవచ్చు, కంపెనీ మూతపడొచ్చు. ఏది జరిగినా గిటార్‌కు గీత కూడా పడదు. మోటారు కావాలి, మోటారుతో ముడిపడకూడదు అనుకునేవారికి ఇదే సరైన ఎంపిక.

చట్టాల నుంచి ఎంత సాయం

వస్తువును బాగుచేయించుకునే హక్కు మీద ఈమధ్య చాలా దేశాల్లో చట్టాలు వస్తున్నాయి. కాలిఫోర్నియాలో 2024 జులై నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం, 100 డాలర్లు, అంతకు మించిన ధర ఉన్న ఎలక్ట్రానిక్ వస్తువుల తయారీదారులు ఏడేళ్లపాటు విడిభాగాలు అందుబాటులో ఉంచాలి. కానీ అది 2021 జులై తర్వాత అమ్మిన వస్తువులకే వర్తిస్తుంది. యూరప్ 2024లో తెచ్చిన మరమ్మతు హక్కు ఆదేశం వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌లు, ఫోన్ల వంటి వస్తువుల జాబితాతో మొదలైంది, అందులో వాద్యాలు లేవు. భారత ప్రభుత్వం 2022 డిసెంబరులో తెరిచిన మరమ్మతు హక్కు పోర్టల్ కూడా వ్యవసాయ పరికరాలు, మొబైల్ - ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలతో మొదలైంది. 2015 నాటి గిటార్‌కు వీటిలో ఏదీ అక్కరకు రాదు.

భవిష్యత్తులో రాబోయే వాద్యాలకు పనికొచ్చేది మరొకటి ఉంది. 2027 ఫిబ్రవరి నుంచి యూరప్‌లో అమ్మే వస్తువుల్లోని చిన్న బ్యాటరీలను వాడేవారే తీసి మార్చుకునేలా ఉంచాలన్నది అక్కడి బ్యాటరీ నిబంధన. అయితే తీయగలిగితే చాలదు, దాని స్థానంలో పెట్టడానికి ఇంకొకటి దొరకాలి. జీ-ఫోర్స్ బ్యాటరీ మొదటి నుంచీ చేత్తో తీయగలిగినదే, అయినా ఈ గతి పట్టింది.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు

జీ-ఫోర్స్ ఉన్న గిబ్సన్ గిటార్లు అదే కాలపు సంప్రదాయ మోడళ్ల కంటే తక్కువ ధరకు దొరకడం మామూలే. చెక్క, పికప్‌లు (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చేవి), ఫ్రెట్లు (మెడ మీది లోహపు మెట్లు) బాగుంటే ఇది మంచి బేరం కావచ్చు. కాకపోతే ధర మాట్లాడేటప్పుడు యంత్రాన్ని లెక్కలోంచి తీసేయాలి. మోటారు పనిచేస్తే అదనపు లాభం, పనిచేయకపోతే ఒక సెట్ కీల ఖర్చు అనుకుని కొంటే టెన్షన్ ఉండదు.

చూడ్డానికి వెళ్లినప్పుడు ముందుగా బ్యాటరీని తీసేయమని అడగాలి. బ్యాటరీ లేకుండా గిటార్‌ను ఆంప్లిఫయర్‌కు కలిపి, రెండు పికప్‌లు, అన్ని నాబ్‌లు పనిచేస్తున్నాయో వాయించి చూడాలి. ఆ తర్వాత బ్యాటరీ పెట్టి, ప్రతి తీగను చేత్తో కావాలనే శ్రుతి తప్పించి, యంత్రం ఆరింటినీ వెనక్కి తెస్తుందో లేదో చూడాలి. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. మొదటిసారి బాగా పనిచేసి మూడోసారికి ఆగిపోతే బ్యాటరీ చివరి దశలో ఉందని అర్థం. చార్జర్ చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వాలి. 2011కు ముందు మోడల్ అయితే పెద్ద నాబ్ పైకి లాగినప్పుడు దాని మీది దీపాలన్నీ వెలుగుతున్నాయో లేదో చూడాలి. వెలగని దీపం ఒక్కటున్నా, ఆ గిటార్‌ను వాయించడానికి కొనడం కంటే ఇంకో రోబో గిటార్‌కు విడిభాగాల కోసం కొనడమే లాభం.